నామము - నిర్దేశ్యము: గోట్లోబ్ ఫ్రేగే జీవితము

నామమునకును, ఆ నామము గల వస్తువునకును నడుమ గల సంబంధ మెట్టిదను ప్రశ్న భారతీయ శాబ్దికులకు క్రొత్తది కాదు. మహాభాష్యకారుడు శబ్దప్రవృత్తిని జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ అని నాలుగు విధములుగా పరిగణించెను. గోశబ్దము జాతినిబట్టియు, శుక్లశబ్దము గుణమునుబట్టియు, చలశబ్దము క్రియనుబట్టియు ప్రవర్తించును. డిత్థుడు మున్నగు వ్యక్తినామములు మాత్రము పేరు పెట్టినవాని యిచ్ఛనుబట్టి ప్రవర్తించును. ఇంగ్లండునందు జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో ప్రకటించిన తర్కశాస్త్ర గ్రంథమున ఇంచుమించు ఇట్టి నిర్ణయమునకే వచ్చెను. ఆయన మతమున వ్యక్తినామము వస్తువునకు వేసిన గుర్తు మాత్రమే. అది వస్తువును చూపునే కాని దాని ధర్మమును దేనిని తెలుపదు. ఈ నిర్ణయము చాలదని 1892లో నిరూపింపబూనినవాడు జర్మను గణితాచార్యుడైన గోట్లోబ్ ఫ్రేగే. ఆయన భాషావేత్తగా శిక్షణ పొందినవాడు కాడు. అంకగణితమునకు చలింపని పునాది వేయదలచి, ఆ పనికి వాడుకభాష చాలకపోవుటచే భాషావిచారమునకు దిగినవాడు. శాస్త్రభాషయందు ప్రతి నామమునకును ఒక వస్తువు తప్పక ఉండవలెనని ఆయన నియమము చేసెను. ఆ నియమము తన ప్రధానగ్రంథమునందే భంగమైనదని తెలిసికొనుట ఆయన జీవితమునందలి ముఖ్యఘట్టము.

బాల్టిక్ సముద్రతీరమున మెక్లెన్‌బుర్గ్ ప్రాంతమునందలి విస్మార్ అను రేవుపట్టణమున 1848 నవంబరు 8వ తేదీన ఫ్రేగే జన్మించెను. తండ్రి కార్ల్ అలెగ్జాండర్ ఫ్రేగే ఆ పట్టణమున బాలికల ఉన్నతపాఠశాలను స్థాపించి నడిపినవాడు. తొమ్మిది మొదలు పదుమూడేండ్ల వయస్సు గల బాలబాలికల కొఱకు ఆయన జర్మనుభాషాబోధకమగు పాఠ్యపుస్తకమును గూడ వ్రాసెను. కుమారుని భాషాచింతకు బీజము ఆ యింటనే పడెనని కొందఱు జీవితచరిత్రకారు లూహింతురు. 1866లో తండ్రి మరణించెను. తల్లి ఔగుస్తె పాఠశాలాభారమును తాను వహించి, కుమారుని చదువునకు లోటు రానీయలేదు.

1869లో ఫ్రేగే యేనా విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట ఆయనకు గురువును, పిమ్మట పెద్దదిక్కును అయినవాడు భౌతికశాస్త్రజ్ఞుడగు ఎర్న్‌స్ట్ అబ్బే. సూక్ష్మదర్శిని నిర్మాణమున కార్ల్ త్సైస్‌కు తోడ్పడిన అబ్బేయే ఈయన. 1871లో ఫ్రేగే గ్యోటింగెన్ విశ్వవిద్యాలయమునకు పోయి, 1873లో జ్యామితివిషయకమైన సిద్ధాంతవ్యాసమునకు డాక్టరు పట్టము నందెను. మరుసటి యేడు యేనాకు తిరిగివచ్చి అధ్యాపకుడయ్యెను. అది మొదలు 1918లో ఉద్యోగవిరమణ మొనర్చువఱకు ఆయన ఆ విశ్వవిద్యాలయమును విడువలేదు. నలువదినాలుగేండ్లు ఒక్కచోటనే బోధించియు ఆయన సంపూర్ణమైన ఆచార్యపీఠమును పొందలేదు. 1896లో గౌరవాచార్యుడగుటతోనే ఆయన పదవీవృద్ధి ముగిసెను.

సంఖ్యలను గూర్చిన సత్యములు తర్కమునుండియే సిద్ధించునని ఫ్రేగే విశ్వసించెను. దానిని నిరూపించుటకు అనుమానమునందలి ఒక్కొక్క మెట్టును దాపరికము లేక కనబఱచు భాష కావలెను. వాడుకభాషలో చెప్పినదానికంటె చెప్పక విడిచినది హెచ్చు. శ్రోత దానిని ఊహతో పూరించుకొనును. నిత్యవ్యవహారమునకు ఇది గుణమే కాని నిరూపణమునకు దోషము. అందువలన ఆయన క్రొత్తలిపి నొకదానిని కల్పించి, 1879లో భావలిపి యను అర్థము గల బెగ్రిఫ్‌స్‌ష్రిఫ్ట్ అను చిన్నపుస్తకమును ప్రకటించెను. అన్ని, కొన్ని అను పదములతో కూడిన వాక్యములను సమగ్రముగా విశ్లేషించు పద్ధతి మొట్టమొదట ఆ పుస్తకముననే కనబడినది. అరిస్టాటిల్ నాటినుండి వచ్చిన ఉద్దేశ్యవిధేయ విభాగమునకు మారుగా ఫలనము, దాని విషయము అను గణితవిభాగమును ఆయన వాక్యమునకు అన్వయించెను. ఆధునిక తర్కశాస్త్రమునకు ఈ గ్రంథము ఆదియని నేడు చెప్పుదురు. ఐనను పుటపై అడ్డముగను నిలువుగను కొమ్మలవలె సాగు ఆ లిపిని చూచి నాటి పాఠకులు వెనుకంజ వేసిరి. సమీక్షకులలో పేర్కొనదగిన ష్రోడర్ దాని ప్రయోజనమును గుర్తింపలేకపోయెను.

1884లో ప్రకటించిన అంకగణిత మూలములు అను గ్రంథమున ఫ్రేగే లిపిని విడిచి, తేటజర్మనులో తన వాదమును వినిపించెను. సంఖ్య యనగా నేమి యను ప్రశ్న ఆ గ్రంథమునకు ప్రాణము. సంఖ్య మనస్సునందలి చిత్రము కాదు, వస్తువులకుండు గుణమును కాదు. అది స్వయముగా ఒక వస్తువు, సంఖ్యాపదము దానికి వ్యక్తినామము అని ఆయన తేల్చెను. కంటికి కానరాని, మనస్సు చిత్రింపజాలని వస్తువునకు నామ మెట్లు తగులుకొనును? పదార్థమును విడిగా వెదుకరాదు, వాక్యమునందే వెదుకవలెనని ఆయన సమాధానము. భర్తృహరి వాక్యపదీయము నెఱిగినవారికి ఈ మాట వినినంతనే అఖండవాక్యవాదము స్ఫురింపక మానదు. కాని రెండింటికి భేదము గలదు. భర్తృహరికి పదవిభాగమే కల్పితము. ఫ్రేగేకు పదము నిజమైన అవయవమే. దాని అర్థనిర్ణయమునకు మాత్రము వాక్యము ప్రమాణము. ఈ గ్రంథమునకును ఆదరము లభింపలేదు. సమూహసిద్ధాంతకర్త యగు కాంటర్ సైతము దీనిని ప్రతికూలముగా సమీక్షించెను.

ఆ తరువాతి యెనిమిదేండ్లలో ఫ్రేగే తన సిద్ధాంతమును మరల త్రవ్వి చూచెను. దాని ఫలమే 1892లో ఒక తత్త్వశాస్త్ర పత్రికలో వెలువడిన జిన్, బెడాయ్‌టుంగ్ అను రెండింటిని గూర్చిన వ్యాసము. జర్మనుభాషలో ఈ రెండు పదములును సామాన్యముగా అర్థమను భావమునే తెలుపును. బెడాయ్‌టుంగ్ అను పదమును ఫ్రేగే నామముచే చూపబడు వస్తువునకు కేటాయించుట జర్మను పాఠకులకే వింతగా తోచెను. తెలుగున అర్థశబ్దము భావమును, వస్తువును కూడ తెలుపును గనుక ఇచ్చట చిక్కు మఱింత హెచ్చు. ఈ వ్యాసమున జిన్ అను దానికి అర్థమనియు, బెడాయ్‌టుంగ్ అను దానికి నిర్దేశ్యమనియు వ్యవహారము.

సమస్య ఇది. ఒకే వస్తువునకు రెండు నామములున్నవనుకొందము. నామము గుర్తు మాత్రమే యైనచో, ఆ రెండు నామములను కలిపి ఇది అదియే యని చెప్పు వాక్యము, ఒక నామమునే రెండుమారులు చెప్పిన వాక్యముకంటె ఎక్కువ తెలుపరాదు. అనుభవము ఇందుకు విరుద్ధము. తెల్లవారుజామున తూర్పున పొడుచు వేగుచుక్కయు, సంధ్యవేళ పడమట వెలుగు చుక్కయు ఒక్క శుక్రగ్రహమే యని తెలియుట ఖగోళశాస్త్రమున సాధించిన విజయము. ఫ్రేగే చూపిన ఉదాహరణ మిదియే. భారతచరిత్రనుండి మఱియొక ఉదాహరణము చూపవచ్చును. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని ఛేదించి, స్తంభశాసనములను వ్రాయించిన రాజు దేవానాంప్రియుడగు ప్రియదర్శి యని చదివెను. ఆ రాజు సింహళాధిపతి యని ఆయన మొదట తలచెను. పిమ్మట జార్జ్ టర్నర్ సింహళమునందలి పాలీ వంశచరిత్ర నాధారముగా గొని, ప్రియదర్శి మౌర్యచక్రవర్తి యగు అశోకుడే యని తెలిపెను. 1915లో రాయచూరు ప్రాంతమునందలి మస్కి వద్ద దొరకిన శాసనము అశోకనామమును స్పష్టముగా పేర్కొని దానిని బలపఱచెను. అశోకుడు అశోకుడే యని తెలియుటకు శాసన మక్కఱలేదు. ప్రియదర్శి అశోకుడని తెలియుటకు లిపిని ఛేదింపవలసివచ్చినది, వంశచరిత్రలను శోధింపవలసివచ్చినది. నిర్దేశ్య మొకటే యైనను ఈ రెండు వాక్యములు తెలుపు జ్ఞాన మొకటి కాదు.

కావున నామమునకును వస్తువునకును నడుమ మూడవది యొకటి ఉండవలెనని ఫ్రేగే నిర్ణయించెను. వస్తువు మనకు ఏ విధముగా గోచరించునో ఆ విధము నామముయొక్క అర్థమునందు ఇమిడియుండును. శాసనములు చెక్కించిన రాజుగా గోచరించుట ప్రియదర్శినామమునకు అర్థము. మౌర్యవంశమున బిందుసారుని తనయుడుగా గోచరించుట అశోకనామమునకు అర్థము. ఈ అర్థము వ్యుత్పత్త్యర్థము కాదని జాగ్రత్తగా గ్రహింపవలెను. క్రొత్తపేట యను గ్రామము నూరేండ్లు గడచినను క్రొత్తపేటయే. ప్రియదర్శి చూపులకు ఇంపైనవాడో కాడో, ఆ నామము ఆయనను చూపక మానదు. యౌగికార్థము వేఱు, ఫ్రేగే చెప్పిన అర్థము వేఱు. ఇది మానసచిత్రమును కాదు. ఒక నామమును వినినప్పుడు ఒక్కొక్కని మనస్సున ఒక్కొక్క చిత్రము మెదలును; అది వాని సొంతము. అర్థమన్ననో పలువురు పంచుకొనదగినది. పంచుకొనదగినది కానిచో ఒక తరము జ్ఞానము మఱియొక తరమునకు అందజాలదని ఆయన ఆశయము.

ఇందుండి రెండు ఫలితములు వెలువడును. ఒకరి నమ్మకమును తెలుపు వాక్యమున నామము తన వస్తువును విడిచి తన అర్థమునే నిర్దేశించునని మొదటిది. ప్రియదర్శి సింహళరాజని ప్రిన్సెప్ తలచెననుట నిజము. అంతమాత్రమున అశోకుడు సింహళరాజని ఆయన తలచెనని చెప్పరాదు. ఒక నామమునకు మాఱుగా అదే వస్తువును తెలుపు మఱియొక నామమును నిలుపుట అట్టి వాక్యములలో చెల్లదు. రెండవది సాహిత్యవిద్యార్థులకు మిక్కిలి ఉపయుక్తము. అర్థముండియు నిర్దేశ్యము లేని నామములు భాషలో గలవు. మనుచరిత్రమునందలి ప్రవరుడు పాదలేపము పూసికొని హిమాలయమునకు పోయెనను వాక్యము అర్థవంతమే. కావ్యమును చదువునప్పుడు ఆ అర్థము చాలును. ప్రవరుడు నిజముగా నుండెనా యని ఎవ్వరును అడుగరు. అది నిజమా కాదా యని విచారింపబూనిన క్షణమున మాత్రము నిర్దేశ్యము కావలసివచ్చును. నిర్దేశ్యము లేనిచో ఆ వాక్యము సత్యమును కాదు, అసత్యమును కాదు. కవికి ఇది బాధకము కాదు. గణితజ్ఞునకు ఇది ప్రమాదము. వాడుకభాష ఇట్టి శూన్యనామములను సహించును. శాస్త్రభాష సహింపరాదని ఫ్రేగే నిర్ణయము.

ఆ నిర్ణయమును ఆచరణలో పెట్టినది అంకగణిత మూలనియమములు అను మహాగ్రంథము. దాని మొదటి సంపుటము 1893లో వెలువడెను. తన లిపిలో నియమానుసారముగా ఏర్పడిన ప్రతి నామమునకును నిర్దేశ్యము గలదని ఆయన అందు నిరూపింపబూనెను. ఒక ధర్మము చెప్పినచో, ఆ ధర్మము గల వస్తువుల వర్గమునకు వెంటనే ఒక నామము లభించును. ఆ నామమునకు వస్తువు తప్పక ఉండును. ఐదవ మూలనియమము దీనికి ఆధారము. గ్రంథమునకు పాఠకులు దొరకలేదు. రెండవ సంపుటమును ఆయన తన స్వంతవ్యయముతో అచ్చునకు ఇచ్చెను.

ఆ సంపుటము ముద్రణమున నుండగా, 1902 జూన్ 16వ తేదీన బెర్ట్రండ్ రస్సెల్ అను యువకుడు ఇంగ్లండునుండి ఒక లేఖ వ్రాసెను. అందు గౌరవముతో కూడిన ప్రశంసయు, చిన్న సందేహమును గలవు. గుఱ్ఱముల వర్గము గుఱ్ఱము కాదు గనుక అది తనలో తాను చేరదు. ఇట్లు తమలో తాము చేరని వర్గములన్నింటిని ఒక వర్గముగా చేర్చినచో, ఆ క్రొత్తవర్గము తనలో తాను చేరునా? చేరునన్నచో చేరరాదు, చేరదన్నచో చేరవలెను. ఫ్రేగే లిపిలో ఆ వర్గమునకు నామము గలదు. నియమములలో దేనిని అతిక్రమింపకుండ ఏర్పడిన నామమది. దానికి వస్తువు మాత్రము ఉండజాలదు. ప్రతి నామమునకును నిర్దేశ్యము గలదను నిరూపణము అచ్చటనే విఫలమైనది. వ్యవహారమున శూన్యనామములున్నవని వాడుకభాషను తప్పుపట్టిన శాస్త్రజ్ఞుని సొంతభాషలోనే శూన్యనామ మొకటి దొరకినది.

ఫ్రేగే ఆఱు దినములలో బదులు వ్రాసెను. తన పునాది కదలినదని మఱుగుపఱుపక ఒప్పుకొని, ఈ శోధన తర్కశాస్త్రమున గొప్ప ముందడుగునకు హేతువు కావచ్చునని గూడ ఆ లేఖలో తెలిపెను. 1903లో వెలువడిన రెండవ సంపుటమునకు ఒక అనుబంధమును చేర్చి, దోషమును లోకమునకు తానే వెల్లడించి, ఒక సవరణను సూచించెను. ఆ సవరణయు నిలువదని పిమ్మట తేలినది. ఆరు దశాబ్దముల తరువాత, 1962లో, వృద్ధుడైన రస్సెల్ ఈ ఘట్టమును స్మరించి, సత్యనిష్ఠయందు ఫ్రేగేకు సాటి చెప్పదగినవారు తనకు కానరారని వ్రాసెను.

1904లో భార్య మార్గరెటె మరణించెను. వారికి బ్రదికిన సంతానము లేదు. ఫ్రేగే ఆల్ఫ్రెడ్ అను బాలుని దత్తత గొని పెంచెను. ఈ కాలమున ఆయన తరగతులలో కూర్చున్న కొలదిమందిలో రుడాల్ఫ్ కార్నాప్ ఒకడు. 1911లో లుడ్విగ్ విట్గెన్‌స్టైన్ యేనాకు వచ్చి ఆయనను దర్శించి, ఆయన సలహాచే కేంబ్రిడ్జికి పోయి రస్సెల్‌కు శిష్యుడయ్యెను. లోకము గుర్తింపని గురువునకు ఇర్వదియవ శతాబ్దపు తత్త్వశాస్త్రమును మలచిన ముగ్గురు ఇట్లు ఋణపడిరి. 1918లో భావన యను వ్యాసమున ఫ్రేగే మరల వ్యక్తినామముల చర్చకు వచ్చెను. ఒక వైద్యుని ఒకడు ఫలాని యింటివాడుగను, మఱియొకడు ఫలాని దినమున ఫలానిచోట పుట్టినవాడుగను ఎఱిగినచో, ఆ నామముమట్టుకు వారిరువురును ఒకే భాష మాటాడుట లేదని చెప్పుటకు ఆయన సంశయింపలేదు. అర్థము పలువురు పంచుకొనదగినదను తన సూత్రమునకు ఇది తెచ్చు చిక్కును ఆయన పూర్తిగా విడదీయలేదు.

ఉద్యోగవిరమణానంతరము ఫ్రేగే మెక్లెన్‌బుర్గ్‌నందలి బాడ్ క్లైనెన్ అను గ్రామమున నివసించెను. 1924లో కొన్ని వారములు వ్రాసిన దినచర్యలో యూదులపై ద్వేషమును, ప్రజాస్వామ్యముపై వైముఖ్యమును నిస్సంకోచముగా వెల్లడించెను. 1994లో ఆ దినచర్య ముద్రితమైనది. ఫ్రేగే భాషాతత్త్వముపై 1973లో బృహద్గ్రంథము రచించిన మైకేల్ డమెట్, దానిని చదివి తనకు కలిగిన దిగ్భ్రాంతిని ఆ గ్రంథపీఠికలోనే తెలిపెను. గణితమున తన దోషమును ఆఱు దినములలో ఒప్పుకొనిన మనీషి, జాతుల విషయమున తన నమ్మకమును ప్రమాణముతో పరీక్షింపలేదు. జీవితచరిత్రకారుడు వీనిలో ఒకదానిని చెప్పి మఱియొకదానిని దాచుట తగదు. 1925 జూలై 26వ తేదీన ఆయన మరణించెను. విస్మార్‌లో సమాధి గావింపబడెను.

అముద్రిత రచనలను పారవేయవలదని ఫ్రేగే దత్తపుత్రునకు చెప్పియుండెను. ఆల్ఫ్రెడ్ వానిని మ్యున్‌స్టర్ విశ్వవిద్యాలయమునందలి హైన్రిష్ షోల్జ్‌కు అప్పగించెను. 1945 మార్చిలో ఆ నగరముపై జరిగిన బాంబుదాడిలో మూలప్రతులు నశించెను. షోల్జ్ ముందుచూపుతో తీయించిన టైపుప్రతులలో కొన్ని మిగిలెను. వానినుండి 1969లో మిగిలిన రచనలు అచ్చయ్యెను.

ఫ్రేగే సిద్ధాంతము విమర్శకు లోను కాకపోలేదు. 1905లో రస్సెల్ అర్థమను మూడవదానిని త్రోసిపుచ్చి, వాడుకలోని వ్యక్తినామములను సంక్షిప్తవర్ణనలుగా విశ్లేషించు మార్గమును తెఱచెను. 1970లో సాల్ క్రిప్కి ప్రిన్‌స్టన్‌లో ఇచ్చిన ఉపన్యాసములు ఇరువురి మతములను ప్రశ్నించినవి. శాసనములను నిజముగా వేఱొకడు చెక్కించెనని రేపు తేలినను, అశోకుడను నామము అశోకునే తెలుపును గాని ఆ వేఱొకని తెలుపదు. పేరు పెట్టిననాటినుండి నోటినుండి నోటికి సాగివచ్చిన వ్యవహారపరంపరయే నామమును వస్తువుతో ముడివేయునని క్రిప్కి పక్షము. పేరు పెట్టినవాని యిచ్ఛ, వృద్ధవ్యవహారము అను మాటలకు అలవాటుపడిన భారతీయ శాబ్దికులకు ఈ పక్షము దూరపుచుట్టము కాదు. ఐనను ప్రియదర్శి యశోకుడే యని తెలిసినప్పుడు క్రొత్తగా తెలిసిన దేమి యను ప్రశ్నకు పరంపర యొక్కటియే సమాధానము చెప్పజాలదు. ఆ ప్రశ్న నిలిచియున్నంతకాలము ఫ్రేగే వ్యాసమును పండితులు చదువుచునే యుందురు.

పతంజలినుండి మిల్ వఱకు నామవిచారము వక్తనుండి వస్తువునకు సాగెను. ఆ నడుమ తెలిసికొనువాని కొక చోటు కల్పించినవాడు ఫ్రేగే. అంకగణితమును తర్కముపై నిలుపవలెనను ఆయన సంకల్పము తన చేతులలో నెఱవేఱలేదు. దానికి సాధనముగా కల్పించుకొనిన అర్థనిర్దేశ్యవివేకము మాత్రము భాషాతత్త్వమునకు స్థిరమైన ఆస్తిగా మిగిలినది.